గుక్క తిప్పకుండా

2021 ఏప్రిల్ పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం తిన్నవి ధర్మారావుకు బాగా గుర్తు. ఎదురింటి సోమలింగం కాల్చి తెచ్చిన సర్వపిండి, సందు చివరి కొట్లోంచి తెప్పించిన లోచో, సూరత్ వాళ్ల వేడి సెనగపిండి టిఫిను. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, మీ హీరో గొప్పా మా హీరో గొప్పా అని ఇద్దరూ గొంతులు చించుకున్నారు. సాయంత్రానికి కింది అంతస్తులో ఒకాయనకు కరోనా పాజిటివ్ అని తెలిసింది. మర్నాడు ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారు. ధర్మారావు కళ్లజోడు మరిచిపోవడంతో రెండు ఫారాలూ సోమలింగమే నింపి, రెండింటికీ తన ఫోన్ నంబరే ఇచ్చాడు.

బుధవారం రిపోర్టులు వచ్చాయి. సోమలింగం తన గుమ్మంలోంచే అరిచాడు.

“సారూ, దగ్గరికి రాకుండ్రి! నాకు అంటుకున్నది. మీకేం లేదు. గని పద్నాలుగు దినాలు మీరు గూడ గడప దాటొద్దంట.”

గడప దాటబోయిన ధర్మారావు అక్కడే ఆగిపోయాడు. కిందటి జూలైలో భార్య పద్మారాణిని అంబులెన్స్ ఎక్కించి, చేయి ఊపి, అంతే. మళ్లీ చూడలేదు. బ్యాంకు ఉద్యోగం అప్పటికే అయిపోయింది. ఆ తర్వాత అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఎదురింటి నేత కార్మికుడు వచ్చి సినిమా తగువు పెట్టుకునేవాడు. తగువాడుతూనే ధర్మారావు కంచం ఖాళీ చేసేవాడు. ఆ మనిషికి ఇప్పుడు ఇలా అయింది. మగ్గాలు ఆగడంతో భార్యాపిల్లలు సిరిసిల్ల వెళ్లిపోయారు. పక్కన ఎవరూ లేరు.

“ఆక్సిమీటరు ఉందా?” అని అడిగాడు.

“సూరత్ మొత్తం తిరిగినా దొరకలే. మునిసిపాలిటీ నర్సు నవతమ్మ చెప్పింది, గుక్క తిప్పకుండ ఎంతసేపు మాట్లాడుతరో చూసుకోవాలెనంట. నడుమ ఆగితే దవాఖానే.”

“అయితే రోజూ ఏడింటికి మీ హీరో సమ్మె సీను డైలాగు చెప్పు. నేను వింటాను.”

“నేనొక్కణ్నే చెప్తే ఏం మజా? మీరు గూడ మీవోని రాజసభ డైలాగు కొట్టుండ్రి. పోటీ!”

అలా మొదలైంది. రెండు తలుపులూ ఓరగా తీసి, మధ్యలో మెట్ల నడవా పెట్టుకుని పోటీ. నర్సు పంపిన గోలీలు ఇద్దరి గుమ్మాల్లోనూ ఉండేవి. పక్కవాళ్లకు కూడా ఇస్తారట.

“మీవోడు గుక్క తిప్పకుండ చెప్పిండనేది ఉత్త అబద్ధం సారూ. నడుమ సింహాసనం చూపెట్టిన్రు. గప్పుడే గాలి పీల్చిండు!”

“ఒక్క షాటయ్యా అది! మీవాడు సమ్మె సీనులో బీడీ వెలిగించుకున్నాడు. అదేమిటి మరి?”

“అది స్టైలు!”

నవ్వులోంచి దగ్గు వచ్చేది అవతల. ఆ దగ్గు వింటే ధర్మారావుకు భయం వేసేది. రెండు రోజులుగా కాళ్లలో సత్తువ లేదు, అన్నం సహించడం లేదు. భయం మనిషిని ఇలాగే పీల్చేస్తుంది అనుకున్నాడు.

తొమ్మిదో రోజు ధర్మారావు తన వంతు మొదలుపెట్టాడు. డైలాగు సగంలో ఉండగా సందులోంచి అంబులెన్స్ కూస్తూ వెళ్లింది. ధర్మారావు గొంతు టక్కున ఆగింది. మళ్లీ ఎత్తుకోబోతే ఊపిరి అందలేదు.

అవతలి తలుపు వైపు చూశాడు.

“సోమలింగం! ఉన్నావా?”

“కట్, సారూ. జర ఆగి మల్ల చెప్దురు.”

“నీ గొంతేంటి అలా ఉంది? ఊపిరాడుతోందా?”

“ఆడుతున్నది. బోర్ల పండుకుంటే ఇంక మంచిగ ఆడుతదంట. ఒక్కణ్నే పండుకోవాలెనంటే భయమైతున్నది. మీరు గూడ ఆడ పండుకోండ్రి. నా కోసం.”

ధర్మారావు కాదనలేదు. గచ్చు మీద చాప పరిచి బోర్లా పడుకున్నాడు. గంటసేపు పద్మారాణిని తలుచుకుంటూ, ఈ ఒక్కణ్నీ తీసుకెళ్లకు స్వామీ అని మొక్కుకున్నాడు. తర్వాత లేచి, తలుపు సందులో నోరు పెట్టి రాజసభ డైలాగు అందుకున్నాడు. ఈసారి ఎక్కడా తెగలేదు. చివరి మాట నడవా అంతా మోగింది.

అవతల వెక్కిళ్లు వినిపించాయి.

“ఓడిపోతే ఏడుస్తావేంటయ్యా చిన్నపిల్లాడిలా?”

“అవ్ సారూ. ఇయ్యాల మీవోడే గెలిచిండు.”

“రేపు నువ్వు గెలుద్దువుగాని. ధైర్యంగా ఉండు. నేనున్నాను.”

రాత్రి అతను పిలిస్తే వినిపించాలని ధర్మారావు తలుపు ఓరగానే ఉంచి, మళ్లీ బోర్లా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి ఎదురు తలుపు తెరుచుకుంది. ముక్కూ నోరూ కట్టుకుని సోమలింగం నడవా దాటి వచ్చాడు. లోపల లేస్తూ పడుతూ ఉన్న ఆ వీపును కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా లాగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“మీ పాజిటివ్ పేషెంట్ ధర్మారావు సారు మంచిగ పండుకున్నరు, నవతమ్మా.”