పదిహేనో కర్ర

గోల్ఫు క్లబ్బు వంటింట్లో గిన్నెలు తోమే పక్కింటావిడ గోడ మీంచి చెప్పిందట, గొడుగు కింద కుర్చీ ఈసారి పద్నాలుగుకే ఇస్తారని. లాయరుగారు ఈ కప్పు గెలిస్తే, ఆ ఊపులోనే కమిటీకి ఒక మాట వేస్తారనీ, సెక్రటరీ ఫోన్లో అంటుంటే తన చెవులారా విన్నాననీ, ఎవరితోనూ అనొద్దనీ. మొగుడి వాచిన మోకాలికి పట్టీ చుడుతూ పెళ్ళాం ఈ కబురు మూడుసార్లు చెప్పింది.

పద్నాలుగంటే అతనే. లాయరుగారి బ్యాగు మోసే క్యాడీ. ఒక ఆటగాడి బ్యాగులో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. భుజానికెత్తే ముందు వాటిని పైకి లెక్కపెట్టడం అతని అలవాటు. అది వినీ వినీ క్లబ్బంతా అతన్ని ఆ అంకెతోనే పిలుస్తోంది. ఆ కుర్చీ పనీ అదే. ఆట మొదలయ్యే చోట కూర్చుని, పేర్లు పిలిచి, ఒక్కొక్కరి కర్రలూ చూసి పంపాలి. మోకాళ్ళతో పనిలేదు. నెల్నుంచీ ఖాళీగా ఉంది. అందాకా ఎవరి కర్రలు వాళ్ళే చూసుకోవాలి.

"పదమూడు, పద్నాలుగు..." కప్పు పోటీ రోజు పొద్దున్న బ్యాగు ఎత్తబోతూ ఆగాడు. "పదిహేను."

లాయరుగారు గ్లౌజు తొడుక్కుంటూ దిక్కులు చూశాడు.

"అయ్యగారూ, దూరం కొట్టే ఆ పెద్ద డ్రైవరు కర్ర నిన్న నేనే తీసి మీ డిక్కీలో పెట్టాను. మళ్ళీ ఎక్కిందేమిటండీ?"

"ఎక్కితే ఎక్కిందిలే."

"మినీ డ్రైవరు పెట్టుకుంటే పెద్దది దించెయ్యాలని అనుకున్నాం కదండీ."

"అనుకున్నాంలేవోయ్. పదిమందీ చూస్తుంటే ఈ బుల్లి తలకాయ కర్ర ఒక్కటే పట్టుకుని నిలబడనా? ముసలాడి చేతిలో సత్తువ అయిపోయిందనరూ? పెద్దది కనబడుతూ ఉంటే అదో మర్యాద."

"పెద్దదానితో దూరం పోతుంది కానీ చెట్లలోకి పోతుందండీ. పోయిన ఆటలో నాలుగు బంతులు వెతికి నా ప్రాణం పోయింది. చిన్నది పది గజాలు తగ్గితే తగ్గనీండి, బంతి గడ్డి మీద కళ్ళెదుట ఉంటుంది. బ్యాగులో చోటు దానిదే."

"ఇచ్చాంగా చోటు!"

"రెండిటికీ ఇచ్చారు."

"కొట్టని కర్ర లెక్కలోకి రాదోయ్. రూల్సు కమిటీకి పెద్దని నేనా, నువ్వా?"

పద్నాలుగు గొడుగు కింద కుర్చీ వైపు చూశాడు. ఇంకో మాటంటే ఆయనకు కోపం వస్తుంది. ఆయనకు కోపం వస్తే కుర్చీ రాదు. మోకాలు ఒకసారి నొక్కుకుని బ్యాగు ఎత్తుకున్నాడు.

ఆ రోజు మినీ డ్రైవరు తన చోటు తనే సంపాదించుకుంది. ఎక్కడ పడమంటే అక్కడ పడింది బంతి. చెట్లలోకి ఒక్కటీ పోలేదు. పెద్ద డ్రైవరు మాత్రం బొచ్చు తొడుగు వేసుకుని, అత్తారింటికొచ్చిన అల్లుడిలా కదలకుండా కూర్చుని పద్దెనిమిది గుంటలూ అతని భుజం మీద ఊరేగింది. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచినట్టు. పోటీలో తన వెనకే ఉన్న పళ్ళడాక్టరు కన్నా మూడు దెబ్బలు తక్కువలో ముగించాడు లాయరుగారు.

"రేపట్నుంచి కుర్చీలో కూర్చుందువుగాని, పోవోయ్!" అని పద్నాలుగు వీపు చరిచాడు.

దెబ్బల లెక్క రాసిన కార్డుల మీద సంతకాలు పెట్టబోతుంటే పళ్ళడాక్టరు బ్యాగులోకి తొంగి చూశాడు. నోట్లో పళ్ళు చూసినట్టే ఒక్కో కర్రా వేలితో తాకుతూ పోయాడు.

"లాయరుగారూ, ఇవి పదిహేనున్నాయే?"

క్లబ్బు ప్రెసిడెంటు వచ్చాడు, రూల్సు పుస్తకం వచ్చింది. కొట్టినా కొట్టకపోయినా బ్యాగులో ఉంటే ఉన్నట్టే. నాలుగు దెబ్బలు జరిమానా. మూడు దెబ్బలతో గెలిచినాయన ఒక దెబ్బతో ఓడిపోయాడు.

లాయరుగారు పద్నాలుగు మోచెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాక్కెళ్ళాడు.

"లెక్క తప్పింది నువ్వేనని చెప్పు."

"నేను పొద్దున్నే చెప్పాను కదండీ!"

"చెప్పావయ్యా, కాదన్నానా? కప్పు ఎలాగూ పోయింది, పరువన్నా మిగలనీ. రూల్సు కమిటీ పెద్దే రూలు తప్పాడంటే రేపు ఈ గేటు తొక్కగలనా? ఒప్పుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, రోజూ కోర్టులో చూస్తున్నాను. కుర్చీ సంగతి నేను చూసుకుంటా."

పద్నాలుగు వరండాలోకి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు నాదేనండీ. లెక్క సరిగ్గా చూసుకోలేదు."

"పద్నాలుగుకే పద్నాలుగు రాలేదర్రా!" అని ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వు. టీ గ్లాసులు తెచ్చిన పక్కింటావిడ ట్రేతో అలాగే నిలబడిపోయింది.

ప్రెసిడెంటు నవ్వలేదు. "గొడుగు కింద కుర్చీ ఇతనికే ఇద్దామని రాసి పెట్టుకున్నాం. పద్నాలుగు దాకా లెక్కపెట్టలేనివాణ్ణి ఆ కుర్చీలో ఎలా కూర్చోబెట్టమంటారు? మీరే చెప్పండి లాయరుగారూ."

అందరూ ఆయన వైపు చూశారు. పద్నాలుగు కూడా చూశాడు, కొంచెం ధైర్యంగానే.

లాయరుగారు గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"అదీ న్యాయమే," అన్నాడు. "నేనైనా కూర్చోబెట్టను."

పద్నాలుగు భుజం మీంచి బ్యాగు దించి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"పదిహేనని నేను పొద్దున్నే చెబితే, కొట్టని కర్ర లెక్కలోకి రాదన్నారు మీరు. మరి మిమ్మల్ని రూల్సు కమిటీ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారండీ?"