మార్తాండరావు వీధి తలుపు

మనసు కుదుటగా ఉన్నవాళ్లకే వీధి తలుపు తెరుచుకోవాలన్న నిబంధన వచ్చాక, మార్తాండరావుకి గడప దాటడం గగనమైపోయింది. ఆ ఉదయం కూడా తలుపుకి అరచెయ్యి ఆనించి, "ఈ కాకినాడలో నా అంతటివాడు ఉన్నాడా?" అని గర్జించాడు. మనుషులకుండే మొహమాటం తలుపుకి లేదు. దాని మీది ఎర్రదీపం ఆరలేదు.

భార్య సువర్చల కూరల సంచీతో వచ్చి చెయ్యి ఆనించింది.

"ఇవాళ చారు బాగా కుదిరింది," అంది. తలుపు తెరుచుకుంది.

"చారుకే తెరుచుకుంటుందా! నేను గొప్పవాణ్ణని నువ్వైనా దానికి చెప్పవే!"

"మీకు రోజూ చెబుతూనే ఉన్నాను కదండీ. మీకు సరిపోతే కదా!"

ఆమె ఒక్కదానికే దారిచ్చి తలుపు మూసుకుంది. బయట పక్కింటావిడతో సువర్చల నవ్వులు వినిపించాయి. మార్తాండరావు తలుపుకి చెవి ఆనించాడు.

'నా గురించే అయ్యుంటుంది,' అనుకున్నాడు.

తలుపు రెండో గడియ కూడా వేసుకుంది.