నవాబు సీటు

నర్సింహ కళ్లకు మనుషులందరూ చిన్నగానే కనిపిస్తారు. ఎల్బీనగర్‌లో కారు సీట్లు కుట్టే సీతారాములైతే మరీను!

"చేతులు కడుక్కోని ముట్టు," అన్నాడు పాత అంబాసిడర్ తలుపు తీస్తూ. "గిది నవాబు ఎక్కిన బండి. నీ లెక్కటోళ్లకు దొరకాల్నంటే పెట్టి పుట్టాలె."

మీర్‌పేట్‌లో ప్లాటు అమ్మి మరీ కొన్నాడు దాన్ని. ఆ ప్లాటూ తాత ఇచ్చిందే, తాను సంపాదించింది కాదు. ఎల్లుండి కొడుకు ప్రణీత్ పెళ్లి ఊరేగింపు ఇందులోనే. కాబోయే వియ్యంకుడు వెంకటేశ్వరరావుకు జర్మనీ కారుంది. దాని పక్కన ఈ కారు ఆగగానే ఆయన ముఖం మాడిపోవాలి. నర్సింహకు నెల రోజులుగా ఇదే ధ్యాస.

సీతారాములు లోపలికి వంగి, వెనక సీటు చూసి ఆగిపోయాడు.

"సార్, గీ బండి ఎవలు అమ్మిండ్రు?"

"పెద్ద అంబర్‌పేట్ బ్రోకర్. ఏం, నువ్వు గూడ కొంటవా?" పకపకా నవ్వాడు నర్సింహ. "పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్ల ఓ ముసలాయన లేచి నిలవడి బండికి దండం పెట్టిండు. ఖాందానీ అంటే గట్లుంటది. నీకేం సమజైతది!"

సీతారాములు పాత రెగ్జిన్ లాగాడు. సందుల్లోంచి చిల్లర నాణేలు రాలాయి. వెంట ఎండిన బంతిరేకులు, నాలుగు పేలాలు.

"చూసినవా? నవాబు తొవ్వ పొంటి పైసలు చల్లుకుంట పోయేటోడు. మీ తాతలు ఏరుకున్నరు గావొచ్చు."

"సార్, జర నా మాట..."

"నీ మాట నీ దగ్గర్నే పెట్టుకో. సూది పనోనివి, సూది పని చెయ్."

సీటు వీపులో ఎడమ సగం కోసి, తలుపులా బిగించి ఉంది. లాగితే డిక్కీలోకి దారి తెరుచుకుంది. సీతారాములు దాన్ని మెల్లగా మూసేశాడు.

"ఇది తీసేసి కొత్తది పెడ్త సార్. పైసలు గూడ ఒద్దు."

"తీస్తే చేతులిరుగుతయ్! నవాబు వేటకు పోయేటప్పుడు తుపాకులు పెట్టనీకి కోపిచ్చుకున్నడు. దాని మీద ఎర్ర మఖ్మల్ కుట్టు. నా కొడుకు, కోడలు గాడ్నే కూసుంటరు. అసలు గింత మంచిగ ఎందుకు కోసిండ్రో ఎర్కనా నీకు, ఎర్రిమొఖమోడా?"

సీతారాములు కత్తెర కింద పెట్టాడు.

"ఎర్కనే సార్, దవాఖాన నుంచి ఊళ్లకు తీస్కపోయే పీనుగుల కాళ్లు డిక్కీల సాపనీకి దాన్ని కోసింది నేనే."