ఎవరిదీ కాని నంబరు

ఫోన్ ఒక్కసారే మోగింది. అవతల ఎత్తారు. కానీ ఎవరూ హలో అనలేదు.

"హలో, నేను ఐటీ నుంచి నిరుపమని" అంది ఇంగ్లీషులో.

అంతే, ఓ ఆడగొంతు కెవ్వుమంది. "ఎవరది? ఎక్కడున్నావ్?" అని అరిచింది. తర్వాత పరుగెత్తిన అడుగుల చప్పుడు. ఆపైన నిశ్శబ్దం.

నిరుపమ ఫోన్ పెట్టేసి, జాబితాలో ఆ నంబరు కింద గీత గీసింది: 4013.

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లోని ఆ ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్లన్నిటినీ శుక్రవారం సాయంత్రానికల్లా క్లౌడ్‌లోకి మార్చే పని ఆమెది. కొన్న ప్యాకేజీలో వంద నంబర్లకే చోటుంది. కంపెనీకి ఉన్నవి నూట ఒకటి. "ఒకటి తీసెయ్. ఇంకో ప్యాకేజీ కొనేది లేదు" అన్నాడు మేనేజర్. పని సవ్యంగా ముగిస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తారు. కాంట్రాక్టు ఉంటేనే వీసా.

నాలుగంతస్తులూ తిరిగి ప్రతి మనిషినీ అడిగింది. వంద నంబర్లకూ మనుషులు దొరికారు. 4013 మాత్రం మాది అన్నవాళ్లు లేరు. ఏ బల్ల మీదా ఆ ఫోన్ లేదు. దాన్నుంచి ఎవరూ ఎవరికీ మాట్లాడిన దాఖలా కూడా లేదు.

మరి ఎత్తుతున్నదెవరు?

పక్క సీటు కృష్ణచైతన్యకు చెబితే పగలబడి నవ్వాడు. భీమవరం మనిషి, వేళాకోళం ఎక్కువ.

"దెయ్యమేమోనండీ. పాపం, దానిక్కూడా ప్యాకేజీలో ఓ చోటు ఇప్పించెయ్యండి."

"నవ్వకండి చైతన్య గారూ. కావాలంటే మీరే వినండి."

స్పీకర్ పెట్టి మళ్లీ చేసింది. ఒక్క రింగే. ఎవరో మగమనిషి కూనిరాగం తీస్తున్నాడు. నిరుపమ హలో అనగానే రాగం ఆగిపోయింది. "ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను కదా?" అన్నాడతను వణికే గొంతుతో.

చైతన్య ముఖంలో నవ్వు మాయమైంది.

"మనకెందుకొచ్చిన గొడవండీ ఇది. ఎలాగూ ఒకటి తియ్యాలి కదా, దాన్నే పీకి పారేయండి."

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరిసారి చేసింది. ఈసారి నోరు మెదపలేదు. అవతల ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు. అందులో తన పేరు వినబడింది.

"నిరుపమకింకా తెలియదు. సాయంత్రం దాకా చెప్పొద్దు."

భయమేసింది. ఫోన్ పెట్టేసి, వెంటనే 4013ను రద్దు చేసేసింది.

మిగతా వంద నంబర్లూ ఒక్క తప్పు లేకుండా క్లౌడ్‌కెక్కాయి. మేనేజర్ వచ్చి చెయ్యి కలిపాడు. కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించారట. సర్‌ప్రైజ్ చేద్దామని పొద్దున్నుంచీ దాచారట. నిరుపమకు కళ్లనీళ్లు తిరిగాయి.

సోమవారం బ్రిటన్ రాజుగారి పుట్టినరోజు సెలవు కలిసొచ్చిన వారాంతం. చీకటి పడకముందే ఆఫీసు ఖాళీ అయింది. దీపాలార్పి ఆఖరున బయలుదేరింది నిరుపమ. పీడ విరగడైంది అనుకుంది.

నాలుగో అంతస్తు నుంచి లిఫ్టులో దిగుతుండగా భూమి ఒక్క కుదుపు కుదిపింది. వెల్లింగ్టన్‌లో చిన్న భూకంపాలు మామూలే. కానీ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. మొబైల్‌లో సిగ్నల్ లేదు. మంగళవారం దాకా ఇటు ఎవరూ రారు. తలుపు బాదింది. అరిచింది. బయట గాలి హోరు తప్ప జవాబు లేదు.

గంట బొమ్మ ఉన్న ఎర్ర బటన్, దాని పైన స్పీకర్ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. గట్టిగా నొక్కింది. ఏ చప్పుడూ రాలేదు. మళ్లీ మళ్లీ నొక్కింది.

బటన్ కింద చిన్న అక్షరాలతో ఆ లిఫ్టు ఫోన్ నంబరు రాసి ఉంది: 4013.