మూడో వాయి

లేదా తొక్కల లోపలి తెల్లటి పొర సరిగ్గా గీకలేదేమో. అంతకంటే వేరే తప్పు దొరకడం లేదు సంయుక్తకి. నీళ్లు మార్చింది. సెగ తగ్గించింది. బత్తాయి తొక్కల్ని మిక్సీలో బరకగా తిప్పి చూసింది, చాకుతో సన్నగా తరిగి చూసింది. బాల్కనీలో ఎలక్ట్రిక్ స్టవ్ మీద గాజు కుండ పొద్దుటి నుంచీ కుతకుతలాడుతూనే ఉంది. ఆవిరి గొట్టంలోకి ఎక్కుతోంది. చల్లబడి చుక్కచుక్కగా దిగుతోంది. నీళ్ల మీద పల్చటి నూనె తేలుతోంది. అంతా పుస్తకంలో ఉన్నట్టే.

ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠమే. కాలేజీ మూతపడ్డాక ఆ పాఠంతోనే బతకొచ్చనుకుంది. గవర్నర్‌పేటలో సబ్బులు తయారుచేసే శాంభవి ఒప్పుకుంది కూడా. "రేపు పొద్దున్నే శాంపిల్ తెండి. వాసన బాగుంటే ఇక మీ దగ్గరే కొంటాను. లేకపోతే మాత్రం ఏమీ అనుకోకండి."

వాసన. అక్కడే వచ్చింది చిక్కు. గంటలకొద్దీ ఒకే వాసనలో మునిగిన ముక్కు ఆ ఒక్కదానికే మొద్దుబారిపోతుంది. తన ముక్కు ఇప్పుడు బత్తాయికి పనికిరాదు. భర్త జయంత్‌కి ఏడాది పొడుగునా పడిశమే. ఇక మిగిలింది అత్తగారు.

సీతారావమ్మగారి ముక్కంటే అపార్ట్‌మెంట్ మొత్తానికీ గురి. వెన్న కాస్తే ఎప్పుడు దించాలో ఆవిడే చెప్పాలి. ఆవకాయ జాడీ మూత తీసి ఒక్కసారి పీలిస్తే చాలు, ఆవపిండి పాతదో కొత్తదో తేల్చేస్తారు.

పొద్దున మొదటి వాయి పట్టుకెళ్తే, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవి విరిచారు.

"ఏమీ రావట్లేదే అమ్మాయ్. ఉత్త నీళ్లు."

సంయుక్త దాన్ని సింకులో పారబోసింది. మధ్యాహ్నందీ అంతే.

బెంజ్ సర్కిల్ దగ్గర జ్యూస్ బండి ఎలీషా మళ్లీ సంచి నింపుతూ నవ్వాడు. "రసం మాకొదిలేసి తొక్కలు పట్టుకెళ్లేది మీరొక్కరేనండీ. గేదెనేమన్నా కొన్నారా ఏంటి?"

నవ్వలేకపోయింది.

సాయంత్రం మూడో వాయి. అత్తగారు ఈసారి ఎక్కువసేపే పీల్చారు.

"కాయల్లోనే లేదమ్మా," అన్నారు సీసా తిరిగిస్తూ. "అయినా ఇప్పుడు దేనికుంది చెప్పు? నిన్నటి సన్నజాజులు? కాగితప్పూలే. నెయ్యీ అంతే. కాలమే అలా తగలడింది."

ఓదార్పా, ఎత్తిపొడుపా?

సంయుక్త బాల్కనీలోకొచ్చి స్టవ్ ఆపేసి కూలబడింది. ఆ పెదవి విరుపు కళ్ల ముందు నుంచి కదలదు. మొన్న కూర మాడుతుంటే పక్కనే కూర్చుని పేపర్ చదువుకున్నారు. తను స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికే మూకుడు నల్లబడింది. "చెప్పొచ్చు కదా అత్తయ్యా" అంటే, "నువ్వు చూసుకుంటున్నావనుకున్నా" అన్నారు. అనుకుంటారు! ఉద్యోగం పోయిన కోడలు వంటింట్లో ఎలా తగలేస్తుందో చూద్దామనుకుంటారు. ఈ నూనె కుదిరితే ఆ కోడలు మళ్లీ గడప దాటిపోతుందనీ అనుకుంటారు. అంత నమ్మకమైన ముక్కుకి ఎదురు చెప్పేదెవరు?

లేక నిజంగానే తనకి చేతకాదా? బోర్డు మీద బొమ్మలు గీయడమే తెలుసా?

చాలు. శాంభవికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తే సరి. సీసా మూత తీసి, ఇది కూడా సింకులో పారబోసేద్దామని వంటింటి వైపు నడిచింది.

గుమ్మంలోనే గ్యాస్ కంపు గుప్పున కొట్టింది. పాలు పొంగి ఆరిపోయిన పొయ్యికి వీపు పెట్టి, అత్తగారు తాపీగా చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటుంటే, సంయుక్త చప్పుడు కాకుండా నాబ్ కట్టేసి, చేతిలోని సీసాకి మూత బిగించింది.