మొరగని కుక్కలు

చాంపియన్ రీఫ్స్‌లో మూతపడ్డ బంగారు గని పక్కనున్న మందుల పరీక్షశాలలో సవిత రాత్రి కాపలా ఉంటుంది. బోనుల్లోని కుక్కలు మొరగవు. అరిస్తే పనికి అడ్డమని డాక్టరు వాటి గొంతులో నరాలు కోసేశాడు. ఆ సాయంత్రం కొత్త మందు వికటించి ఒకటి చచ్చిపోతే, సవితే దాన్ని పూడ్చి వచ్చింది.

చీకటి పడ్డాక లోపల మొరుగుడు వినిపించింది. సవిత టార్చి వేసి చూసింది. కుక్కలన్నీ నోరు మూసుకుని ఖాళీ బోను వైపే చూస్తున్నాయి.

డాక్టరుకు ఫోన్ చేసింది. "సార్, చచ్చిపోయినదాని బోనులోంచి అరుపు వస్తా ఉండాది."

డాక్టరు ఫోన్‌లోనే ఆ మొరుగుడు విన్నాడు. "దాని గొంతు బాగానే ఉండాదే. రేపు దానికి ఇంగో సూది వేద్దాం. తలుపేసెయ్ అమ్మా."

సవిత బయటికొచ్చి గడియ పెట్టింది. మొరుగుడు ఆగలేదు. ఇప్పుడది తలుపుకు ఇవతల, ఆమె వీపు వెనకనుంచి వస్తోంది.