వంటింటి ద్వారబంధం

కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకి ఐదేళ్ళపాటు ఇంటిపన్ను సగమే. అందుకని ఆ వీధివాళ్ళు ఐదేళ్ళకోసారి ఒకరి ఇల్లు ఒకరు కొనుక్కునేవారు. ఆ సంగతి పసిగట్టి సర్కారు డ్రోన్లను దింపింది. మనిషి నడక చూసి, ఆ ఇంటికి కొత్తో పాతో అవి చెప్పేస్తాయి.

ఎదురింటి గున్నమ్మకి ఐదేళ్ళ కిందట అమ్మిన సొంతిల్లు వరహాలమ్మ ఇవాళ తిరిగి కొనుక్కుంది.

“ఏమీ తెలీనట్టు తడుముకుంటూ నడు వదినా,” అంది గున్నమ్మ.

“నలభై ఏళ్ళు కాపరం చేసినోళ్ళకి నిండా పన్ను, నిన్న వచ్చినోళ్ళకి సగమా? ఇదేం న్యాయమే?” అని గొణుగుతూ వరహాలమ్మ లోపలికెళ్ళింది. కావాలనే లైటుకి బదులు ఫ్యాను వేసింది. డ్రోను వెంటే వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర మాత్రం ఆవిడ తల దానంతటదే వంగింది.

“పాత మనిషి. పూర్తి పన్ను,” అంది డ్రోను.

గున్నమ్మ తల బాదుకుంది. “ఆ ద్వారబంధం నేను మూరెడు ఎత్తు పెంచేశాను కదా! ఎందుకు వంగేవు?”

వరహాలమ్మ పైకి చూసింది. గృహప్రవేశం నాడు వాళ్ళాయన నుదురు బొప్పి కట్టింది అక్కడే. ఆయన పోయేదాకా అన్నానికి పిలిచినప్పుడల్లా “తల జాగ్రత్త” అని కేకేసేది.

“పూర్తి పన్నే రాసుకో,” అని డ్రోనుతో చెప్పి, ఈసారి కావాలనే వంగి, వంటింట్లోకి వెళ్ళింది.